మందలో మగబాతు: గోదావరి డెల్టాలో బాతుల సంకరం గురించి ఒక ప్రసంగం

సభలో ఉన్న పెద్దలకు, బాతులు పెంచే అక్కచెల్లెళ్లకు, రైతు సోదరులకు, పశువైద్యం చదువుకుంటున్న విద్యార్థులకు నమస్కారం.

ఇవాళ నేను మాట్లాడబోయే విషయాన్ని నాకు అందించింది ఆకివీడు దగ్గర చేపల చెరువు గట్టు మీద బాతులు పెంచుకుంటున్న ఒక అక్క. మూడు వారాల క్రితం, దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయాక, ఆవిడ మందను చూడటానికి వెళ్లాను. గంప ఎత్తి, కింద ఉన్న పదకొండు పిల్లల్ని చూపించి, “డాక్టరుగారూ, వీటి తల్లులు నాకు తెలుసు. అన్నీ నా నల్ల నాటుబాతులే. తండ్రి ఎవరో మీరు చెప్పండి” అని అడిగారు. ఆ మందలో మూడు రకాల మగబాతులు తిరుగుతున్నాయి. ఒకటి తరాలుగా వాళ్ల ఇంట్లో ఉన్న నాటుది, రెండోది మూడేళ్ల క్రితం కొనితెచ్చిన ఖాకీ క్యాంప్‌బెల్, మూడోది ముఖం మీద ఎర్రటి కండబుడిపెలున్న మస్కవీ. పిల్లల్లో ఆరు నల్లగా ఉన్నాయి, మూడు మట్టిరంగులో ఉన్నాయి, రెండు మిగతావాటికంటే చిన్నగా, నలుపు పసుపు కలగలిసి ఉన్నాయి. ఆ క్షణంలో నేను ఆవిడకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఆ పదకొండు పిల్లలలోనే జవాబు చాలావరకు ఉందని తోచింది. ఆ జవాబు దాకా మిమ్మల్ని తీసుకువెళ్లాలని నా ప్రయత్నం.

మన గోదావరి జిల్లాలలో కోడిపుంజు విషయంలో ఎంత శ్రద్ధ ఉందో మీకు తెలుసు. ఈకల రంగును బట్టి పేరు పెట్టిన పుంజులలో డేగ ఏ పెట్టకు పుట్టింది, కాకి ఎవరి ఇంటి నుంచి వచ్చింది, నెమలికి తాత ఎవరు అని వేలు మడిచి చెప్పగలిగేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అదే ఇంటి పెరట్లో తిరిగే బాతుకు తండ్రి ఎవరని అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఈ తేడా నన్ను చాలా కాలంగా బాధపెడుతోంది. బాతులను సంకరం చేయడం తప్పు అని నేను అనను. ఈ రోజు ప్రపంచంలో పేరున్న బాతులలో చాలావరకు సంకరం వల్ల వచ్చినవే. ఏ సంకరం ఎంత దూరం నడుస్తుందో తెలియకుండా, ఏ మగబాతు ఎవరితో కలిసిందో గమనించకుండా, కాలం గడిచేకొద్దీ మందను అలా కలిసిపోనివ్వడం వల్లనే మనకు నష్టం జరుగుతోంది. ఆ నష్టం ఒక్క ఏడాదిలో కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోవడం లేదు.

ముందుగా ఎవరికి ఎవరు చుట్టమో తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ పక్షుల పేర్లు మనల్ని దారి తప్పిస్తాయి. కొల్లేటిలో మనం గూడబాతు అని పిలిచే పక్షి బాతు కానే కాదు, అది పెలికాన్. ఇండియన్ రన్నర్ అనే బాతు, సీసాను నిలబెట్టినట్టు నిటారుగా నడిచేది, మన దేశంలో పుట్టింది కాదు, ఇండోనేషియా దీవులలో పుట్టింది. మస్కవీ బాతుకు మాస్కో నగరంతో సంబంధం లేదు. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉన్న అడవుల పక్షి అది, కొలంబస్ ఓడలు అక్కడికి చేరకముందే అక్కడి ప్రజలు మచ్చిక చేసుకున్నది.

మన నాటుబాతు, ఖాకీ క్యాంప్‌బెల్, తెల్లని పెకిన్, ఇండియన్ రన్నర్, మాంసానికి పెంచే విగోవా, ఇవన్నీ చూడటానికి ఎంత వేరుగా ఉన్నా ఒకే మూలానికి చెందినవి. మెడ ఆకుపచ్చగా మెరిసే మల్లార్డ్ అనే అడవిబాతు వీటన్నిటికీ పూర్వీకురాలు. వీటిలో ఏ రెండింటిని కలిపినా పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకు మళ్లీ పిల్లలు పుడతాయి, ఆ వరుస ఆగదు. ఒంగోలు ఆవుకూ ఇంకో జాతి ఆవుకూ ఉన్న తేడా లాంటిదే వీటి మధ్య తేడా. మస్కవీ అలా కాదు. అది వేరే ప్రజాతి. దాని కాలివేళ్లకు పదునైన గోళ్లుంటాయి, చెట్టుకొమ్మ ఎక్కి కూర్చుంటుంది, మగది అరవకుండా బుసకొడుతుంది. మన మగబాతుకు తోక మీద మెలితిరిగిన ఈకలు రెండు మూడు ఉంటాయి కదా, మస్కవీ మగదానికి అవి ఉండవు. మన బాతు గుడ్డు 28 రోజులకు పగిలితే మస్కవీ గుడ్డు 35 రోజులు తీసుకుంటుంది. ఇక కుక్కకంటే ముందు కొత్తమనిషిని పసిగట్టి వీధి అదిరేలా అరిచే పెద్దబాతు మూడో వంశం, దాని కథ వేరు, కాసేపట్లో చెబుతాను. పెద్దబాతుకూ మామూలు బాతుకూ పిల్లలు పుట్టించామని ఎవరైనా చెబితే దాని మీద ఆశ పెట్టుకోకండి. అది రైతు లెక్కలోకి వచ్చే పని కాదు.

మస్కవీ సంకరాన్ని నేను పుస్తకంలో చదవకముందే మా మేనత్తగారి పెరట్లో చూశాను. కోనసీమలో కొబ్బరితోట మధ్య ఇల్లు. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఒక పండుగకు మందలో ఉన్న నాటు మగబాతును కోసేశారు. మిగిలిన మగపక్షి ఎవరో ఇచ్చిపోయిన మస్కవీ ఒక్కటే. రెండు నెలల తర్వాత మా అత్తయ్య ఎప్పటిలాగే తొమ్మిది బాతుగుడ్లు ఏరి, పొదుగుకోడి కింద పెట్టింది. రోజూ గోరువెచ్చని నీళ్లు చేత్తో చిలకరించేది, బాతుగుడ్డు పెంకుకు కోడిగుడ్డుకంటే ఎక్కువ తడి కావాలని ఆవిడకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. 28 రోజులయ్యాయి, ఒక్క గుడ్డూ పగల్లేదు. 29 అయ్యింది. 30వ రోజు పొద్దున్న “మురిగిపోయాయిరా, పెంటకుప్పలో పారేసిరా” అని గుడ్లు గంపలో పెట్టి నా చేతికిచ్చింది. పెంటకుప్ప దాకా వెళ్లే ఓపిక లేక మొదటి గుడ్డును కొబ్బరిమొద్దుకు విసిరికొట్టాను. పెంకు రెండు ముక్కలైంది. లోపల తడి తడిగా, ఈకలన్నీ వచ్చేసిన పిల్ల ఉంది. పొట్ట దగ్గర పచ్చసొన ఇంకా పూర్తిగా లోపలికి పోలేదు. దాని కాళ్లు రెండూ గాలిలో ఈదుతున్నట్టు కదిలాయి, నోరు రెండుసార్లు తెరుచుకుంది, తర్వాత ఆగిపోయింది.

మిగతా ఎనిమిది గుడ్లను గుండెకు హత్తుకుని వెనక్కి పరుగెత్తాను. అవి మళ్లీ కోడి కిందకు వెళ్లాయి. 32వ రోజు మధ్యాహ్నం మొదటి పెంకు చిట్లింది, సాయంత్రానికి ఐదు పిల్లలు బయటికొచ్చాయి. 28కీ 35కీ మధ్య పడింది ఆ రోజు. మేము చేసిన తప్పు ఆ లెక్క తెలియక చేసిందే. ఈ జిల్లాలలో ఇలా ఎన్ని పెంటకుప్పలలో ఎన్ని బతికిన గుడ్లు పడి ఉంటాయో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. గుడ్లు ఆలస్యమైతే పారేసేముందు చీకటి గదిలో సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి చూడండి. లోపల నీడ కదులుతుంటే ఇంకో నాలుగు రోజులు ఆగండి.

ఆ ఐదు పిల్లలూ తొందరగా పెరిగాయి, నాటువాటికంటే బరువు తూగాయి, జబ్బు చేయలేదు. కాని ఏడాది దాటినా, రెండో ఏడాది సగమైనా, వాటిలో ఆడవి ఒక్క గుడ్డు పెట్టలేదు. మా అత్తయ్య ప్రతి పొద్దున్నా గూడులో చెయ్యి పెట్టి వెతికేది. చివరికి గొడ్డుబాతులని అమ్మేసింది. ఆవిడ అన్న మాట నిజం, ఆవిడ అనుకున్న కారణం మాత్రం నిజం కాదు. వాటికి దిష్టి తగల్లేదు, మేత తక్కువ కాలేదు. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు పిల్లలు ఎందుకు పుట్టవో, వీటికీ అందుకే పుట్టవు. ఇంగ్లీషులో దీన్ని మ్యూల్ డక్ అంటారు. కంచరగాడిద అనే మాట మనకు ఉండనే ఉంది కాబట్టి నేను దీన్ని కంచరబాతు అంటాను.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే ఎడ్ల జోడును గుర్తు చేసుకోండి. రెండు ఎడ్లు వేరువేరుగా నడిస్తే ఏ ఎద్దు నడక దానిది, ఇబ్బంది లేదు. ఒకే కాడికి కట్టినప్పుడే ఎత్తులో తేడా, అడుగులో తేడా బయటపడుతుంది. సంకరపిల్ల శరీరంలో తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములు, అంటే వంశగుణాలను మోసే పోగులు, తల్లి నుంచి వచ్చిన క్రోమోజోములు ఎవరి పని వారు చేసుకుంటూ పోతాయి. అందుకే పిల్ల బలంగా పెరుగుతుంది, చాలాసార్లు తల్లికంటే బలంగా పెరుగుతుంది. ఆ పిల్ల పెద్దదై తన శరీరంలో బీజకణం తయారయ్యే సమయానికి మాత్రం తండ్రి క్రోమోజోమూ తల్లి క్రోమోజోమూ పక్కపక్కన చేరి జోడు కట్టాలి. మల్లార్డ్ వంశం, మస్కవీ వంశం లక్షల ఏళ్లుగా విడిగా నడిచినవి. వాటి క్రోమోజోముల అమరిక ఒకటి కాదు. జోడు కుదరదు, బీజకణం సగంలో ఆగిపోతుంది. మగ కంచరబాతు ఆడబాతుల వెంట పడుతుంది కాని దాని వల్ల గుడ్డులో పిండం కట్టదు.

ఇక్కడ మన గడ్డకు సంబంధించిన ఒక మాట చెప్పకుండా ఉండలేను. సంకరజాతి పిల్లలలో మగ, ఆడ రెండింటిలో ఒకటే చచ్చుబడినా గొడ్డుపోయినా, అది రెండు వేరువేరు లింగ క్రోమోజోములున్న లింగమే అవుతుందని 1922లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె. బి. ఎస్. హాల్డేన్ గమనించి చెప్పారు. పాలిచ్చే జంతువులలో అది మగది, పక్షులలో అది ఆడది. ఈ రోజుకీ జీవశాస్త్రంలో దాన్ని హాల్డేన్ నియమం అంటారు. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల చదువుకు ఇవ్వాలని ఆయన వీలునామా రాశారు. ఆ శరీరం చేరింది మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. పక్షుల సంకరంలో ఆడపిల్లే ముందు దెబ్బతింటుందని మొదట సూత్రంగా చెప్పిన మనిషి చివరి ప్రయాణం గోదావరి జిల్లాకు జరిగిందని ఇక్కడి విద్యార్థులు తెలుసుకోవాలని నా కోరిక. బాతు, మస్కవీల మధ్య దూరం ఇంకా ఎక్కువ కాబట్టి వాటి సంతానంలో మగా ఆడా రెండూ గొడ్డుపోతాయి.

కంచరబాతుల పెంపకాన్ని ఒక విద్యగా మలిచిన చోటు తైవాన్. అక్కడ ఇది రెండు శతాబ్దాలకు పైబడిన అలవాటు. వాళ్ల పద్ధతిలో ఒక తెలివి ఉంది. మాంసానికి కావలసిన పిల్లకు తండ్రి మస్కవీ. తల్లి కోసం ముందుగా పెకిన్ మగబాతును, గుడ్లు బాగా పెట్టే త్సాయియా అనే తమ నాటుబాతును కలుపుతారు. ఆ పుట్టిన ఆడబాతుకు తల్లి నుంచి గుడ్ల సంఖ్య, తండ్రి నుంచి బరువు వస్తాయి. దానికి మస్కవీతో పిల్లలు పుట్టిస్తారు. అంటే మూడు రకాలు కలుస్తున్నాయి కాని, ఎవరు ఏ స్థానంలో ఉండాలో ముందే నిర్ణయమై ఉంది, నాటుబాతు మంద విడిగా భద్రంగా ఉంది. తండ్రిని తల్లిని తారుమారు చేస్తే ఫలితం మారుతుంది. మస్కవీ ఆడదానికి మామూలు మగబాతును జతచేస్తే గుడ్లు తక్కువ వస్తాయి, పుట్టిన పిల్లలలో మగదానికీ ఆడదానికీ బరువులో పెద్ద తేడా ఉంటుంది. మస్కవీలోనే ఆ తేడా ఉంది: మగది 5 కిలోల దాకా తూగితే ఆడది అందులో సగం. మస్కవీ తండ్రి అయినప్పుడు మాత్రం కంచరబాతులలో మగా ఆడా దాదాపు సమానంగా పెరుగుతాయి. అమ్మకానికి అది ఎంతో సౌకర్యం.

ఇబ్బంది ఒక్కటే, ఆ రెండు పక్షులూ సహజంగా జతకట్టడానికి ఇష్టపడవు. పిల్లలుగా ఉన్నప్పటి నుంచి ఒకే గంప కింద కలిపి పెంచిన మస్కవీ మగది కొంత ఇష్టపడుతుంది. పెద్దయ్యాక తెచ్చి వదిలితే తన జాతి ఆడది లేనప్పుడే ఇటు చూస్తుంది. పైగా అంత బరువైన పక్షి కిలోన్నర నాటుబాతు మీద ఎక్కితే వీపు గీరుకుపోతుంది, ఒక్కోసారి నీళ్లలో ఆడది మునిగిపోతుంది. అందుకే తైవాన్‌లో కృత్రిమ గర్భధారణ చేస్తారు. అక్కడ కూడా ఇంకో చిక్కు వచ్చింది. మస్కవీ వీర్యం త్సాయియా ఆడదాని శరీరంలో ఎక్కువ రోజులు నిలవదు. దానికి వాళ్లు 1992లో ఒక పని మొదలుపెట్టారు. ఒక్కసారి వీర్యం ఎక్కించాక ఎక్కువ రోజులు పిండం కట్టిన గుడ్లు పెట్టే ఆడబాతులనే తరం తరంగా ఎంచుకుంటూ వచ్చారు. ఓర్పు అంటే నాకు ఆ పని గుర్తొస్తుంది. ఫ్రాన్సులో కూడా కంచరబాతులను పెంచుతారు, కాని బలవంతంగా మేత కుక్కి కాలేయాన్ని ఉబ్బించడం కోసం. ఆ కాలేయం దిగుమతిని మన దేశం 2014లో నిషేధించింది. మంచి పని చేసింది.

పెద్దబాతుల కథ దీనికి సరిగ్గా ఎదురు. పెంపుడు పెద్దబాతుకు మూలాలు రెండు. ఐరోపా వైపుది గ్రేలాగ్ అనే అడవి పక్షి సంతతి, చైనా వైపుది హంసలా పొడవు మెడ ఉన్న ఇంకో అడవి పక్షి సంతతి. చైనా రకానికి ముక్కు మొదట్లో నుదుటి మీద బొడిపె ఉంటుంది. శాస్త్రం లెక్కలో ఇవి రెండు వేరు జాతులు. అయినా వీటి సంకరపిల్లలకు పిల్లలు పుడతాయి. ఈ విషయం చార్లెస్ డార్విన్‌ను ఎంతో ఆలోచింపజేసింది. 1859లో వచ్చిన తన గ్రంథంలో ఆయన భారతదేశం ప్రస్తావన తెచ్చి, ఇక్కడ పలుచోట్ల ఇలాంటి సంకర పెద్దబాతుల మందలనే లాభానికి పెంచుతున్నారని, అసలు జాతులు రెండూ లేనిచోట ఆ మందలు నిలిచాయంటే అవి బాగా సంతానం కనేవే అయి ఉండాలని రాశారు. ఆ సంగతి ఆయనకు తెలిపినవారు ఇక్కడ పనిచేసిన బ్లైత్, హట్టన్. అంతటితో ఆగకుండా, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన ఒక సంకర మగదాన్ని, ఆడదాన్ని తన ఇంట్లోనే పెట్టుకుని, రెండు విడతలలో ఐదు పిల్లలు పొదిగించి, ఆ వివరాన్ని 1880 జనవరిలో ప్రకటించారు. ఈ రోజు మన ఊళ్లలో పెద్దబాతులను గమనించండి, కొన్నింటికి ముక్కు మీద బొడిపె ఉంటుంది, కొన్నింటికి ఉండదు, కొన్నింటికి ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఆ మూడో రకాన్ని చూసినప్పుడల్లా డార్విన్ విన్న మందలు ఇవేనేమో అనిపిస్తుంది.

ఇప్పుడు మనకు అన్నిటికంటే దగ్గరి విషయానికి వస్తాను: నాటుబాతు, ఖాకీ క్యాంప్‌బెల్. ఇంగ్లండులో అడేల్ క్యాంప్‌బెల్ అనే గృహిణి పందొమ్మిదో శతాబ్దం చివర్లో, గుడ్లు బాగా పెట్టే ఇండియన్ రన్నర్ ఆడదాన్ని పెద్ద శరీరం ఉన్న రూవాన్ మగదానితో కలిపి, తర్వాత మల్లార్డ్ రక్తం కూడా చేర్చి, ఆ పిల్లలలో కావలసినవాటిని ఎంచుకుంటూ ఈ రకాన్ని తయారుచేశారు. రంగు నాటి సైనికుల దుస్తుల రంగులా ఉందని ఖాకీ అని పేరు పెట్టారు. దుమ్ము అని అర్థమున్న మన వైపు మాట ఇంగ్లండు బాతుకు పేరై, ఆ బాతు మళ్లీ మన దేశానికి వచ్చింది. మంచి మేత, వసతి ఉన్నచోట ఇది ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది. మన నాటుబాతు దానికి చాలా వెనుక. అయితే కోత కోసిన చేలలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచి, రాలిన గింజలు, నత్తలు, చిన్న పీతలు, పురుగులు ఏరుకుని, మురుగుకాలువ నీళ్లు తాగి, మే నెల ఎండను తట్టుకుని బతికేది నాటుబాతే. ఖాకీకి దాణా పెట్టాలి, దానికి పొదిగే గుణం కూడా పోయింది.

ఈ రెండింటినీ కలిపితే మొదటి తరంలో చక్కని ఫలితం వస్తుంది. గుడ్లు పెరుగుతాయి, నడక ఉంటుంది, పిల్లలు తక్కువగా చనిపోతాయి. అక్కడే మనవాళ్లు మోసపోతున్నారు. ఆ మొదటి తరం పిల్లలలోనే మగవాటిని, ఆడవాటిని మళ్లీ కలిపి రెండో తరం తీస్తే, ఒక పిల్ల తాతలా, ఒకటి నానమ్మలా, ఒకటి ఎవరిలాగా కాకుండా వస్తుంది, గుడ్ల పెరుగుదలలో మంచి భాగం జారిపోతుంది. కడియంలో అంటు మామిడి కొన్నవారికి ఇది చెప్పనక్కర్లేదు. అంటు చెట్టు పండు తిని, టెంక పాతితే అదే పండు రాదు. అలాగని సంకరం నుంచి స్థిరమైన రకం ఎప్పటికీ రాదని అనుకోవద్దు. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ వరి, ఎంటీయూ 7029, వశిష్ఠకూ మసూరికీ పుట్టిన సంకరమే. తరాల తరబడి ఏరి, కావలసిన గుణాలు నిలిచేదాకా ఆగి ఇచ్చారు కాబట్టి రైతు ఇంటి విత్తనం దాచుకుని చల్లుకున్నా అది స్వర్ణగానే పండింది. ఖాకీ క్యాంప్‌బెల్ కూడా అలా నిలబెట్టిన సంకరమే. కలపడం ఒక పూట పని, నిలపడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఇవ్వలేనివారు మొదటి తరంతోనే ఆగి, ప్రతిసారీ స్వచ్ఛమైన నాటు తల్లి నుంచి, స్వచ్ఛమైన ఖాకీ తండ్రి నుంచి కొత్తగా పిల్లలు తీసుకోవాలి. అలా తీసుకోవాలంటే ఊళ్లో ఎక్కడో ఒకచోట స్వచ్ఛమైన నాటుమంద మిగిలి ఉండాలి. అస్సాం పాతి బాతుకు, బీహారు మైథిలికి దేశం స్థాయిలో జాతిగా నమోదు జరిగింది. మన డెల్టా నాటుబాతును ముందు మనమైనా విడిగా ఉంచుకుంటే, రేపు ఎవరైనా దాన్ని కొలవడానికి వచ్చినప్పుడు చూపించడానికి ఉంటుంది.

ఈ సంకరంలో రైతుకు పనికొచ్చే ఒక గుట్టు ఉంది. పక్షులలో పిల్ల మగదా ఆడదా అన్నది తల్లి నుంచి వస్తుంది. మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. ఆడపిల్లకు తల్లి ఇచ్చేది డబ్ల్యూ, కాబట్టి దాని ఒక్క జెడ్ తండ్రిదే. ఖాకీ రంగుకు కారణమైన జన్యువు ఈ జెడ్ మీదే ఉంటుంది, అది అణిగి ఉండే జన్యువు. ఖాకీ తండ్రినీ నల్లని నాటు తల్లినీ కలిపితే, ఆడపిల్లలన్నీ తండ్రిలా మట్టిరంగులో, మగపిల్లలన్నీ తల్లిలా నల్లగా పుడతాయి. పుట్టిన రోజే మగా ఆడా విడదీయవచ్చు, గుడ్ల కోసం పెంచేవారికి మేత ఖర్చు మిగులుతుంది. తారుమారు చేసి నాటు తండ్రిని, ఖాకీ తల్లిని కలిపితే ఈ తేడా రాదు, పిల్లలన్నీ నల్లగానే ఉంటాయి.

అడవిబాతుల మాట కూడా కొంత చెప్పాలి. నల్లని ముక్కు, దాని కొసన పసుపు, మొదట్లో ఎర్రటి చుక్క ఉన్న అడవిబాతు కొల్లేటిలో, మన చెరువులలో ఏడాది పొడవునా ఉంటుంది. అది మల్లార్డ్‌కు దగ్గరి చుట్టం, మన పెంపుడు బాతుతో కలిస్తే సంతానం కనే పిల్లలే పుడతాయి. న్యూజీలాండులో అక్కడి బూడిదరంగు బాతు, హవాయిలో అక్కడి కొలోవా బాతు బయటినుంచి తెచ్చిన మల్లార్డ్‌తో కలిసి కలిసి తమ రూపమే పోగొట్టుకునే స్థితికి వచ్చాయి. అభయారణ్యం పక్కన మందలు తిప్పేవారు రాత్రిపూట మగబాతులను చెరువులో వదిలేయకుండా దడిలోకి తోలుకోవాలని నా విన్నపం.

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఆరు నుంచి ఎనిమిది ఆడబాతులకు ఒక మగబాతు చాలు. మిగిలిన మగవాటిని మందలో ఉంచితే గుడ్లు పెరగవు, తగాదాలు పెరుగుతాయి. పొదిగించే గుడ్ల కోసం కొన్ని ఆడబాతులను వలకంచెలో విడిగా పెట్టి, మీరు ఎంచుకున్న మగదాన్నే వాటితో ఉంచండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, పాత మగదాన్ని తీసి కొత్తదాన్ని వేసిన మర్నాటి నుంచే గుడ్లు ఏరిపెడతారు. ఆడబాతు తన శరీరంలో వీర్యాన్ని దాచుకుంటుంది, పాత మగది వెళ్లిపోయినా వారం పది రోజులు దాని పిల్లలే పుడుతూ ఉంటాయి. అందుకని మూడు వారాలు ఆగండి, ఆ గుడ్లు తినండి లేదా అమ్మండి. తర్వాతి గుడ్ల మీద పెన్సిలుతో తేదీ, మగదాని గుర్తు రాసి పొదుగుకు పెట్టండి. కొత్తగా కొన్న మగదాన్ని మందలోకి వదిలే ముందు కూడా రెండు మూడు వారాలు విడిగా ఉంచడం మంచిది, 2025 ఫిబ్రవరిలో మన జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన తర్వాత దాని అవసరం ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక ఆకివీడు అక్క అడిగిన ప్రశ్న. ఇంటికి వచ్చిన రాత్రే ఆవిడకు ఫోన్ చేసి, ఆ పదకొండు గుడ్లూ ఒకే రోజు పగిలాయా అని అడిగాను. “లేదండీ, తొమ్మిది ఒకేసారి వచ్చాయి. కోడి లేచిపోతే మిగిలిన రెండు గుడ్లు ఇంకో పొదుగుకోడి కింద పెట్టాను, నాలుగు రోజుల తర్వాత పగిలాయి” అన్నారు. ఆ రెండే నలుపు పసుపు కలిసిన చిన్న పిల్లలు. కాలివేళ్ల చివర గోళ్లు చూడమన్నాను, మిగతావాటికంటే పదునుగా ఉన్నాయన్నారు. వాటి తండ్రి మస్కవీ. వాటి నుంచి గుడ్లు ఆశించవద్దని, మాంసానికి పెంచుకోమని చెప్పాను. మట్టిరంగు మూడూ ఖాకీ కూతుళ్లు, వాటిని గుడ్లకు ఉంచుకోవచ్చు. ఆ ఇంటి నాటు మగదాని వంశంలో ఖాకీ కలవలేదని ఆవిడ గట్టిగా చెప్పారు కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను. మిగిలినవి ఆరు నల్లవి. వాటిలో ఆడది ఉంటే దాని తండ్రి తప్పకుండా నాటుబాతే, ఖాకీకి నల్లని కూతురు పుట్టదు. మగది అయితే ఇద్దరిలో ఎవరికైనా పుట్టి ఉండవచ్చు. రెండు నెలలు నిండే సరికి ఆడదాని అరుపు గట్టిగా, మగదాని గొంతు బొంగురుగా మారుతుంది. ఆ ఆరింటికీ కాలికి తలా ఒక రంగు దారం కట్టి ఉంచారు. గొంతులు తేలగానే ఫోన్ చేస్తానని అన్నారు, నేను ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాను.